చక్రాలకు కొత్త చొక్కా

ఇంజనీరింగు చదివే కొడుకు ఇంట్లో ఉంటే ఫ్యాను ఆగినా, కుళాయి కారినా పిలుపు వాడికే వస్తుంది. నేను మెకానికల్ మూడో సంవత్సరం. మా ఇంట్లో 2009 నాటి మారుతి 800 ఒకటుంది. నాన్న దాన్ని సెకండ్ హ్యాండులో కొన్నారు. వెనక సీటు నిండా బట్టల మూటలు వేసుకుని వారానికి నాలుగు సంతలు తిరుగుతారు. నా కాలేజీ ఫీజు ఆ నాలుగు చక్రాల మీదే వచ్చిందంటే అతిశయోక్తి కాదు.

బండికి పదిహేనేళ్లు నిండి, రిజిస్ట్రేషను పొడిగించుకోవలసి వచ్చింది. చక్రాలు చూస్తే తుప్పు పట్టి పొట్టు రాలుతున్నాయి. "ఒరేయ్, ఈ సెలవుల్లో వీటికి కాస్త మంచి రంగు వేయించరా" అని నాన్న మూడు వేలు చేతిలో పెట్టారు.

డబ్బా రంగు కొడితే వందల్లో పోతుంది. కానీ గులకరాళ్ల దెబ్బకి, రెండు వానలకి మళ్లీ మొదటికే వస్తుంది. అందుకని పౌడర్ కోటింగు చేయిద్దామనుకున్నాను. ఇందులో థిన్నరు ఉండదు. పొడి రంగుకి గన్ను దగ్గర వేల వోల్టుల విద్యుదావేశం ఇస్తారు. ఎర్త్ చేసిన రిమ్ముకి ఆ పొడి మొహానికి టాల్కం పౌడరు అంటినట్టు అంటుకుంటుంది. తర్వాత ఓవెన్లో 180 నుంచి 200 డిగ్రీల వేడిలో పెడితే కరిగి, పరుచుకుని, గట్టిపడుతుంది. పొర మందం సుమారు 60 నుంచి 80 మైక్రాన్లు.

విజయవాడ ఆటోనగర్లో ఒక మేస్త్రీ గారి దగ్గరకు వెళ్లాను. "అల్లాయా బాబూ, ఐరనా?" అన్నదే ఆయన మొదటి ప్రశ్న. మంచి ప్రశ్న అది. ఇనప రిమ్ము ఈ వేడిని లెక్కచెయ్యదు. అల్యూమినియం అల్లాయ్ చక్రానికి బలమిచ్చేది హీట్ ట్రీట్‌మెంటు. పాత రంగు పోవడానికి దాన్ని మంటలో కాలిస్తే ఆ బలమూ పోతుంది. అల్లాయ్ చక్రాలున్న మిత్రులు ఈ మాట గుర్తుంచుకోవాలి.

స్టెప్నీతో కలిపి అయిదు రిమ్ములు. పాత రంగు, తుప్పు వాళ్లే తీస్తే ఒక్కొక్కటి 500. మనం తీసి తెస్తే 350. రంగు మాత్రం నలుపే. ఆ రోజు గ్రిల్సుకి నలుపు కొడుతున్నారు. మన కోసం రంగు మార్చాలంటే గన్ను, బూతు అంతా కడగాలి. నలుపుకేం, దివ్యంగా ఉంటుంది! ఎండలో తిరిగే వస్తువు గనక ఎపాక్సీ కాదు, ప్యూర్ పాలియెస్టర్ పౌడరే కావాలని అడిగాను. ఎపాక్సీ ఎండకి వెలిసి సుద్దలా రాలుతుంది. నట్టు కూచునే చోట్లా, హబ్బుకి ఆనే చోటా టేపు వెయ్యమన్నాను. అక్కడ మందపు పొర ఉంటే నలిగిపోయి నట్టు వదులవుతుంది. రిమ్ము లోపలి మూలల్లోకి పౌడరు సరిగా దిగదు. మన ఫిజిక్సు పాఠంలోని ఫారడే పంజరం ఇదే! మేస్త్రీ గారికి ఆ పేరు తెలియదు గాని, మూలలు ముందు కొట్టాలని మాత్రం తెలుసు.

పంక్చరు కొట్టులో టైర్లు ఊడదీయించి, ఇంటి పెరట్లో వైరు బ్రష్షు, ఎమరీ కాయితం పట్టుకుని కూచున్నాను. రెండు రోజుల పని. మూడో రిమ్ములో రెండు నట్టు బెజ్జాల మధ్య వెంట్రుక వాసి గీత కనిపించింది. గీతా, పగులా? దాని మీద డీజిలు రాసి, కాసేపు ఆగి, పొడిగా తుడిచి సుద్దపొడి చల్లాను. లాబులో చేసే డై పెనెట్రెంట్ పరీక్షకి ఇది తాత లాంటిది. నిమిషాల్లో సుద్ద మీద తడిచార తేలింది. పగులే!

మేస్త్రీ గారికి చూపిస్తే, "పౌడరు పడితే అసలు కనపడదు బాబూ, వెల్డింగు చేయించి తెచ్చెయ్" అన్నారు. కనపడకపోవడమే కదండీ భయం! నాన్న ఆ రిమ్ముని చేతిలో తిప్పి తిప్పి చూశారు. "పోయిన ఆదివారం మీ అమ్మని కూచోబెట్టుకుని మంగళగిరి నుంచి దీని మీదే వచ్చాను గదరా" అని, ఇంకేం మాట్లాడలేదు.

పాత సామాన్ల కొట్లో పగులు లేని రిమ్ము ఒకటి అక్కడే పరీక్షించి 600కి కొన్నాను. కోటింగుకి 1,750, టైర్లు తీసి బిగించడానికి 500, బ్రష్షు, ఎమరీ 150. మొత్తం సరిగ్గా మూడు వేలు. తుప్పు నేనే గీకినందుకు మిగిలిన 750తోనే ఆ రిమ్ము వచ్చింది. డబ్బు సంగతి అలా ఉంచండి, ఆ గీకుడు లేకపోతే పగులు బయటపడేదే కాదు. నల్లగా నిగనిగలాడే రంగు కింద హాయిగా దాక్కునేది.

జూనియరు తమ్ముళ్లకి, చెల్లెళ్లకి నేను చెప్పేదొకటే. చవగ్గా చేయించుకోవాలంటే చేతిశ్రమ మనం కలుపుకోవాలి, రంగు విషయంలో సర్దుకోవాలి. శుభ్రం చెయ్యడంలో మాత్రం ఒక్క మెట్టు కూడా తగ్గించకూడదు. బిగించాక వంద కిలోమీటర్ల లోపు నట్లు మరోసారి బిగించి చూసుకోవాలి. ఇక రంగు అంటారా, అది చొక్కా లాంటిది. చొక్కా వేసే ముందు ఒంటి మీద గాయమేమైనా ఉందేమో చూడమని మన లాబులు నేర్పుతున్నాయి. పరీక్షలో దానికి అయిదు మార్కులే. సంత రోడ్డు మీద దాని విలువ వేరు.