అక్షరాలు చిన్నగా ఉంటే రిజల్యూషన్ తగ్గించకండి

లాప్‌టాప్ తెర మీద అక్షరాలు చిన్నగా కనిపిస్తే మనవాళ్ళు చేసే మొదటి పని రిజల్యూషన్ తగ్గించడం. పాత డబ్బా మానిటర్ల రోజుల్లో అది చెల్లింది. ఇప్పటి ఎల్‌సీడీ తెరల మీద చెల్లదు. ఎందుకో చెప్పాలంటే మా నాయన సంగతి చెప్పాలి.

మాది గార్లదిన్నె. అనంతపురం నుంచి గుత్తి వైపు పోతుంటే హైవే మీద తగులుతుంది. నాయన రిటైరైన టీచరు. ఊళ్ళో ఎవరికి అర్జీ రాయాలన్నా, పంటల బీమా వివరాలు నింపాలన్నా ఆయన దగ్గరికే వస్తారు. వాన మొహం చాటేసే ఊళ్ళో ఇలాంటి పనులకు కొదవుండదు కదా!

అక్క కొనిచ్చిన కొత్త లాప్‌టాప్‌లో అక్షరాలు చీమల్లా ఉన్నాయంటే, టౌన్లో ఒక షాపువాళ్ళు రిజల్యూషన్ 1366×768కి మార్చి పంపించారు. అక్షరాలు పెద్దవయ్యాయి గానీ అలుక్కుపోయాయి. "3 ఏదో 8 ఏదో తెలీడం ల్యా అబ్బోడా, కండ్లు పోయినట్టుండాయి" అని ఆయన ఏకంగా పనే మానేశారు. సర్వే నంబరులో ఒక్క అంకె తప్పితే అర్జీ వెనక్కొస్తుంది, రైతుకి ఇంకో రోజు కూలి పోతుంది. ఆ భయం ఆయనది.

నేను చేసిన పరీక్ష చాలా చిన్నది. తెర ఎంత దూరంలో ఉందో అంతే దూరంలో, అదే కళ్ళద్దాలతో, ఆ రోజు పేపరు చదవమన్నాను. గడగడా చదివేశారు. అంటే తేడా కళ్ళలో లేదు, తెరలో ఉంది. (కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళొద్దని కాదు, అది వేరే పని.)

అసలు విషయానికొస్తే, ఆ 14 అంగుళాల తెరలో ఉన్నవి 1920×1080 చుక్కలు, అంటే అంగుళానికి దాదాపు 157. పాత 15.6 అంగుళాల 1366×768 తెరలో అంగుళానికి 100. 16 చుక్కల ఎత్తున్న అక్షరం పాతదాంట్లో 4 మిల్లీమీటర్లుంటే కొత్తదాంట్లో రెండున్నరే. అందుకే చీమలు. పోనీ అని రిజల్యూషన్ 1366 చేస్తే, ఒక్కో చుక్కని 1.4 చుక్కల్లో సర్దాలి. చుక్కని ముక్కలు చెయ్యలేం కాబట్టి అంచులు మసకబారతాయి. ఇంగ్లీషైతే ఎలాగో నెట్టుకొస్తాం. తెలుగులో 'ద'కీ 'ధ'కీ, 'ర'కీ 'ఠ'కీ తేడా ఒక్క గీత, ఒక్క చుక్క. ఇంక ఒత్తుల సంగతి చెప్పక్కర్లేదు.

మందు ఇది: సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో డిస్‌ప్లే. రిజల్యూషన్ 'రికమెండెడ్' అని ఉన్నదానికే పెట్టి, దాని పైనున్న 'స్కేల్' 150 శాతం చెయ్యండి. చుక్కలన్నీ వాడుతూనే అక్షరం పెద్దదవుతుంది. అసలు రిజల్యూషన్ మార్చనివ్వకపోతే డివైస్ మేనేజర్ చూడండి. 'మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్' అని ఉంటే గ్రాఫిక్స్ డ్రైవర్ లేనట్టే. ముందు అది వెయ్యండి. ఏదైనా ఒక్క పాత ప్రోగ్రాం మాత్రమే మసగ్గా ఉంటే, దాని ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీకి వెళ్ళి హై డీపీఐ సెట్టింగ్ మార్చి చూడండి.

రెండు నిమిషాల పని. నాయన మళ్ళీ అర్జీలు మొదలెట్టారు. కానీ కథ అక్కడితో అయిపోలేదు. 150 శాతంలో ఒక ఫారం తెరిస్తే 'సబ్మిట్' బటన్ తెర కింద ఎక్కడో దాక్కుంది, స్క్రోల్ కూడా లేదు. 1920×1080ని 1.5తో భాగిస్తే ప్రోగ్రాముకి మిగిలే జాగా 1280×720 మాత్రమే. ఆ ఫారం రాసినవాడికి అది తట్టినట్టు లేదు.

ఎలా తడుతుంది? మనం రాసేది 27 అంగుళాల మానిటర్ ముందు, ఇంగ్లీషులో, 100 శాతంలో. టెస్టు చేసేదీ అక్కడే. వాడేదేమో అరవై దాటినవాళ్ళు, చిన్న తెర మీద, తెలుగులో. వాళ్ళకి బటన్ కనబడకపోతే "బగ్" అని టికెట్ రాయరు. తమకే కళ్ళు కనబడవనో, తెలివి లేదనో అనుకుని ఊరుకుంటారు. ఆ మాట మన దాకా రాదు కాబట్టి అంతా బాగుందని మనం అనుకుంటాం.

అందుకే ఈసారి రిలీజుకి ముందు మీ స్క్రీన్ ఒక్కసారి 1280×720లో, తెలుగు అక్షరాలతో తెరిచి చూడండి. ఒత్తులు తెగకుండా, బటన్ చేతికందేట్టు ఉంటేనే అది పూర్తయినట్టు.