తప్పుగా బిగించడానికి వీల్లేని ప్లగ్గు

రైల్వే ఉద్యోగాల కోసం తరాల క్రితం ఖరగ్‌పూర్ వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో మాదీ ఒకటి. ఇక్కడ ఏటా సెప్టెంబరులో విశ్వకర్మ పూజ రోజున యంత్రాలకి కూడా బొట్లు పెడతారు. నేను రైళ్ళు వదిలి విమానాల వైరింగు పనిలోకి వెళ్ళాను. "గాల్లో ఎగిరేదాన్ని బాగుచేస్తావు, నువ్వైనా దణ్ణం పెట్టుకోవద్దట్రా?" అంటాడు మా పెదనాన్న. పెట్టుకోను. ఎందుకో చెబుతాను.

విమానంలో తీగల కట్టలు కలిసేచోట గుండ్రటి కనెక్టర్లుంటాయి. 38999 అనే అమెరికా సైనిక ప్రమాణం ప్రకారం చేసినవాటినే తీసుకోండి. ఒక సగానికి ఒక పెద్ద గట్టు, నాలుగు చిన్న గట్లు. రెండో సగంలో వాటికి సరిపడే గాళ్ళు. ఒకే సైజువి పక్కపక్కన ఉండాల్సివస్తే, గట్ల కోణాలు వేరుగా ఉన్నవి వాడతారు. ఒకదాని ప్లగ్గు ఇంకోదాంట్లో దూరదు. మూడో సిరీస్‌లో ఒక్క చుట్టుతో పూర్తిగా బిగుస్తుంది. బిగిస్తే ఎర్ర పట్టీ కనబడకుండా పోతుంది. కనబడుతోందంటే బిగియలేదన్నమాట. మనిషి అలిసిపోతాడు, పొరబడతాడు అని ముందే ఒప్పుకుని చేసిన వస్తువిది.

అలాగని దీన్నీ గుడ్డిగా నమ్మకూడదు. 2001 మార్చి 20న ఫ్రాంక్‌ఫర్ట్‌లో లుఫ్తాన్సా ఎయిర్‌బస్ ఎ320 ఒకటి పైకి లేస్తుంటే ఒక రెక్క వాలింది. కెప్టెన్ సరిదిద్దబోతే ఇంకా వాలింది. రెక్క కొస నేలకి సుమారు అర మీటరు దూరం దాకా వచ్చింది. కో పైలట్ తన వైపు నుంచి అదుపు చేయబట్టి బతికిపోయారు. కారణం? మరమ్మతులో కనెక్టర్ దగ్గర రెండు జతల తీగలు తారుమారయ్యాయి. వెనక ఏ తీగ ఏ పిన్నుకి పోయిందో గట్లకీ గాళ్ళకీ తెలీదు కదా! అది పరీక్షలోనే తేలాలి. ఆ పరీక్షలోనూ "కదిలిందా?" అని చూస్తే చాలదు, "ఎటు కదిలింది?" అని చూడాలి.

ఇప్పుడు మా ఇంటి సంగతికొద్దాం. 2023 జూన్ 2న బహనాగా బజార్‌లో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌కి మెయిన్ లైను సిగ్నల్ ఇచ్చారు, పాయింటు మాత్రం లూప్ లైనుకి ఉంది. అక్కడ ఇనుప ఖనిజం గూడ్సు నిలబడి ఉంది. 290 మందికి పైగా పోయారు. మా ఊరి తెలుగువాళ్ళు విశాఖపట్నానికీ విజయవాడకీ ఎక్కే బండి అది. వెంటనే మొదలైంది ప్రచారం: శుక్రవారం జరిగిందనీ, పక్కనున్నది మసీదనీ. అది ఇస్కాన్ గుడి. మిగిలినవాళ్ళు "విధిరాత" అని నిట్టూర్చారు.

రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో బయటపడింది వేరు: సిగ్నల్ సర్క్యూట్ మార్పుల్లో లోపాలు, ఏళ్ళ తరబడి ఎవరూ పట్టించుకోని తప్పుడు లేబుళ్ళు. 2022 మే 16న ఇదే ఖరగ్‌పూర్ డివిజన్‌లో బాంక్రా నయాబాజ్ దగ్గర తప్పుడు వైరింగు వల్ల ఇలాంటి ఘటనే జరిగింది. అప్పుడే దిద్దుకుని ఉంటే బహనాగా జరిగేది కాదని ఆ నివేదికే చెప్పింది.

"పూజ చేస్తే నీకేం నష్టం?" అంటారు. పూజ చేసినంత మాత్రాన తీగ తెగదు, నిజమే. కానీ విధిరాత అనుకున్న చోట ఎవరూ లేబుల్ని అనుమానించరు, ఎవరూ మీటరు పెట్టి చూడరు, ఎవరినీ నిలదీయరు. ఈసారి ప్రమాద వార్త వింటే, ఆ రోజు తిథి ఏమిటని కాక, చివరి తనిఖీ ఎవరు, ఎలా చేశారని అడుగుదాం.