లింకన్‌ని చూసినవాళ్లు ఏం రాశారు?

అమెరికా అంతర్యుద్ధం గురించి చదవడం నాకు చాలా ఏళ్లుగా ఉన్న పిచ్చి. యుద్ధాలూ, జనరళ్లూ, ఎత్తుగడలూ అయితే ఏ పుస్తకమైనా చెప్తుంది. నాకు అంతకన్నా ఇష్టమైనవి వేరే ఉన్నాయి. అబ్రహాం లింకన్‌ని ఒక్కసారంటే ఒక్కసారి కలిసిన మామూలు మనుషుల చేతిరాత కాగితాలు. ఇంటికి రాసిన ఉత్తరాలు, డైరీలు, ముసలితనంలో గుర్తు తెచ్చుకుని రాసిన జ్ఞాపకాలు.

అంతమందికి ప్రెసిడెంటు ఎలా దొరికాడని అనుమానం రావచ్చు. 1861 నుంచి 1865 దాకా, దేశం రెండుగా చీలి కొట్టుకుంటున్న రోజుల్లో కూడా, మామూలు జనం వైట్‌హౌస్‌కి వెళ్లి ఆయన గది బయట తమ వంతు కోసం కాచుకోవచ్చు. ఉద్యోగం కావాలని ఒకడు, కొడుకుని శిక్షనుంచి తప్పించమని ఒక తల్లి, ఊరికే చెయ్యి కలిపి పోదామని ఇంకొకడు. మన కలెక్టరాఫీసుల్లో సోమవారం అర్జీలు తీసుకుంటారు చూడండి, దాదాపు అలాంటి దృశ్యమే. కార్యదర్శులు తగ్గించాలని చూసేవాళ్లు గానీ లింకన్ పూర్తిగా ఆపనివ్వలేదు. వీటికి ప్రజాభిప్రాయ స్నానాలు అని పేరు కూడా పెట్టాడట.

అలా కలిసినవాళ్లలో ఒకావిడ కథ చెప్తాను. పేరు సోజర్నర్ ట్రూత్. 1797 ప్రాంతంలో న్యూయార్క్ రాష్ట్రంలో బానిసగా పుట్టింది. చదవడం రాయడం రాదు. కానీ కాగితానికి ఉన్న బలం ఆవిడకి తెలిసినంతగా చదువుకున్నవాళ్లకి కూడా తెలియదేమో. ఆవిడ కొడుకుని చట్టవిరుద్ధంగా అలబామాకి అమ్మేస్తే, కోర్టుకెక్కి 1828లో కొడుకుని వెనక్కి తెచ్చుకుంది. ఒక నల్లజాతి స్త్రీ తెల్లవాడి మీద కేసు వేసి గెలవడం ఆ రోజుల్లో ఊహకందని విషయం. ఆ కోర్టు కాగితాలు 2022లో న్యూయార్క్ రాష్ట్ర ఆర్కైవ్స్‌లో బయటపడ్డాయి. దాదాపు రెండు వందల ఏళ్లు ఎక్కడో దస్త్రాల మధ్య పడుకుని ఉన్నాయన్నమాట!

1864 అక్టోబర్ 29న ఆవిడ లింకన్‌ని కలిసింది. వెంట లూసీ కోల్మన్ అనే తెల్లావిడ ఉంది, బానిసత్వానికి వ్యతిరేకంగా పనిచేసిన మనిషి. ఆ గదిలో ఏం జరిగింది? ఇక్కడే మొదలవుతుంది తిరకాసు.

నవంబర్ 17న, అంటే సరిగ్గా పందొమ్మిది రోజులకి, ట్రూత్ చెప్తుంటే వేరొకరు రాసిన ఉత్తరం ఒకటుంది. అందులో లింకన్ ఎంతో ఆదరంగా మాట్లాడాడు. బాల్టిమోర్‌లోని నల్లజాతి ప్రజలు తనకి కానుకగా ఇచ్చిన బైబిల్ చూపించాడు. ఆవిడ తెచ్చుకున్న చిన్న పుస్తకంలో సంతకం చేశాడు. తన జీవితంలో ఎవరూ తనని ఇంతకన్నా దయగా చూడలేదని ఆవిడ చెప్పింది. ఈ ఉత్తరం తర్వాత పత్రికలో కూడా అచ్చయింది. 1893లో ఒక చిత్రకారుడు ఆ బైబిల్ దృశ్యాన్ని బొమ్మగా కూడా గీశాడు.

1891లో లూసీ కోల్మన్ తన జ్ఞాపకాలు అచ్చువేసింది. ఆవిడ ప్రకారం గంటల తరబడి కూర్చోబెట్టారు. అప్పటిదాకా అందరితో సరదాగా మాట్లాడిన లింకన్, వీళ్ల వంతు వచ్చేసరికి బిగుసుకుపోయాడు. ట్రూత్‌ని "ఆంటీ" అని పిలిచాడు, బట్టలుతికే మనిషిని పిలిచినట్టు. తాను బానిసత్వ నిర్మూలనవాదిని కాదని కూడా అన్నాడట.

ఒకే గది, ఒకే రోజు, ఇద్దరు మనుషులు, రెండు కథలు. ఎవర్ని నమ్ముతారు?

మన ఫీల్డులో ఉన్నవాళ్లకి ఇది కొత్త కాదు. అర్ధరాత్రి ప్రొడక్షన్ పడిపోతుంది. మర్నాడు కాల్‌లో ముగ్గురు మూడు రకాలుగా చెప్తారు. ముగ్గురూ అబద్ధాలకోరులు కాదు. అప్పుడు మనం ఏం చేస్తాం? లాగ్ తీస్తాం. టైమ్‌స్టాంప్ చూస్తాం. ఏ సర్వర్ రాసింది, మధ్యలో ఎవరైనా ఎడిట్ చేశారా అని చూస్తాం. చరిత్రకారులు కూడా సరిగ్గా ఇదే చేస్తారు. డాన్ ఫెరెన్‌బాకర్, వర్జీనియా ఫెరెన్‌బాకర్ అనే భార్యాభర్తలు లింకన్ అన్నాడని జనం చెప్పిన మాటలన్నీ పోగేసి 1996లో పుస్తకం వేశారు. ఒక్కో మాటకి ఏ నుంచి ఈ దాకా గ్రేడు ఇచ్చారు. విన్న మనిషే కొద్దిరోజుల్లోపు మాటకి మాట రాసుకుంటే ఏ. సారాంశంగా రాసుకుంటే బీ. ఏళ్ల తర్వాత రాస్తే సీ. మామూలుకన్నా ఎక్కువ అనుమానం ఉంటే డీ. బహుశా అనే ఉండడు అనిపిస్తే ఈ. మన బగ్ సివియారిటీ లెవెల్స్‌లాగా!

ఆ లెక్కన ట్రూత్ ఉత్తరమే గెలవాలి. పందొమ్మిది రోజులెక్కడ, 27 ఏళ్లెక్కడ! కానీ టైమ్‌స్టాంప్ ఒక్కటే చాలదు. ఆ ఉత్తరం రాసిన చెయ్యి ఆవిడది కాదు, మధ్యలో ఇంకొకరు ఉన్నారు. అచ్చులో నలుగురూ చదివిన ఉత్తరం. పైగా లింకన్ మళ్లీ గెలిచి పది రోజులు కూడా కాలేదు, ఆయన మంచివాడని నలుగురికీ తెలియడం ఆవిడకీ ఆవిడ మనుషులకీ అవసరం. అటు కోల్మన్‌కి ఆలస్యంగా రాయడం వల్ల ఒక లాభం ఉంది. 1891 నాటికి ఎవరి మొహమాటమూ అక్కర్లేదు.

ఇద్దరికీ అతీతంగా మిగిలిన సాక్ష్యం ఒకటుంది. ఆ సంతకం. లింకన్ స్వయంగా రాసింది: ఆంటీ సోజర్నర్ ట్రూత్‌కి, తేదీ, కింద ఏ. లింకన్. మన అపార్ట్‌మెంట్లలో పిల్లలు ప్రతి ఆవిడనీ ఆంటీ అంటారు, మనకది మర్యాదే. అక్కడ అలా కాదు. పెద్దవయసు నల్లజాతి స్త్రీలని "మిసెస్" అనడానికి తెల్లవాళ్లకి నోరు రాక వాడిన పిలుపు అది. లింకన్ చెడ్డ ఉద్దేశంతో రాశాడని నేననను. ఆయన కాలం మాట ఆయన రాశాడు. అంటే కోల్మన్ చెవిన పడ్డ మాట నిజమే. అదే కాగితాన్ని ట్రూత్ గర్వంగా దాచుకుంది, అదీ నిజమే. దేశాధ్యక్షుడి చేత తన పేరు రాయించుకున్న మనిషి ఒకప్పుడు సంతలో వస్తువులా అమ్ముడుపోయింది. ఆ పిలుపులోని చులకన ఆవిడకి తెలియదనుకోవడం మన అమాయకత్వం. ఏది లోకానికి చెప్పాలో, ఏది మింగాలో ఆవిడే నిర్ణయించుకుందని నా నమ్మకం.

అందుకే ఒక జ్ఞాపకం తప్పని కొట్టేసి రెండోది ఉంచుకోవడం నాకు నచ్చదు. రెండూ ఉండాలి, ఏది ఎప్పుడు ఎవరు రాశారో తెలియాలి. రాసినవి ఉన్నాయి కాబట్టే కదా 160 ఏళ్ల తర్వాత కూడా మనం కూర్చుని వాదించుకోగలుగుతున్నాం.

ఇవన్నీ వాటంతటవే మిగల్లేదు. అడిగినవాళ్లు ఉన్నారు. లింకన్‌తో కలిసి ప్రాక్టీసు చేసిన విలియం హెర్న్‌డన్, 1865లో ఆయన హత్య జరగ్గానే పాత పరిచయస్తులకి ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాడు. పొరుగువాళ్లు, రైతులు, బంధువులు, ఎవరినీ వదల్లేదు. వాళ్ల జవాబులూ, తను రాసుకున్న నోట్సూ కలిపి 1998లో లావుపాటి పుస్తకంగా వచ్చాయి. ఒకరికొకరికి పొంతన లేనివి అందులో బోలెడు. అదే దాని విలువ.

ఇక మన సంగతి. మా తాతయ్య గాంధీగారిని చూశాడని ఇంట్లో అందరూ చెప్తారు. నాన్న కథలో అది రైల్వేస్టేషన్, తాతయ్య నూలు దండ వేశాడు. మేనత్త కథలో అది మీటింగు, దండ వేసింది పక్కింటాయన, తాతయ్య జనంలో వెనకెక్కడో ఉన్నాడు. గాంధీ 1929లోనూ ఆంధ్రదేశం తిరిగారు, 1933లోనూ వచ్చారు. ఇది ఏ రాకో చెప్పగలిగే కాగితం ముక్క ఒక్కటీ లేదు. తాతయ్య పోయి చాలా ఏళ్లయింది.

మేనత్తకి ఇప్పుడు 81. మొన్న సంక్రాంతికి ఒక రూళ్ల నోటుబుక్కూ, పెన్నూ ఇచ్చి తాతయ్య చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. తప్పులు దిద్దనన్నాను, నాన్నకి చూపించనని కూడా మాటిచ్చాను. నాన్నకి వేరే నోటుబుక్కు ఇచ్చాను. ఆవిడ మొదటి పేజీలో తేదీ వేసి ఆగిపోయి, ఇంతకీ ఏ భాషలో రాయాలిరా, పుస్తకాల భాషలోనా అని అడిగింది. మాట్లాడినట్టే రాయత్తా అన్నాను. నాలుగు పేజీలయ్యాయట.

మీ ఇళ్లలో కూడా ఇలాంటి అత్తయ్యలూ తాతయ్యలూ ఉంటారు. ఫోనులో రికార్డు చేస్తాం అంటారేమో, చెయ్యండి. కానీ చేత్తో కూడా రాయించండి, తేదీ వేయించండి. రెండు కథలు వస్తే రెండూ దాచండి.