అట్టపెట్టెలో గోల్ఫ్ బంతి

పుదుచ్చేరికి వచ్చి ఏడు నెలలైంది. ఇంటి సామానంతా సర్దేశాం గానీ, మా అమ్మాయి అట్టపెట్టె మాత్రం మంచం కిందే ఉండిపోయింది. "ఎలాగూ మళ్లీ కట్టాల్సిందే కదా, విప్పడం ఎందుకు?" అంటుంది. చదివేది ఏడో తరగతి, ఇది నాలుగో బడి. తెలుగు, హిందీ వచ్చు. ఇక్కడ ఆటస్థలంలో తమిళం కావాలి. బదిలీ ఉత్తర్వు మా పేరున వస్తుంది. కొత్త తరగతిలో ఒంటరిగా కూర్చునేది తను.

ఆ పెట్టెలో ఒక గోల్ఫ్ బంతి ఉంది. మేం విశాఖలో పనిచేసే రోజుల్లో దొరికింది. అక్కడి ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ 1884 నాటిది. మేం దాన్ని రోడ్డు మీద నుంచి చూడడమే. ఒక సాయంత్రం రైల్వే స్టేషన్‌లో ఒక కుర్రాడు పొడవాటి సంచితో కూర్చుని ఉన్నాడు. "అందులో తుపాకులున్నాయా?" అని అడిగేసింది మా అమ్మాయి. "కర్రలు పాపా" అంటూ అతను సంచి విప్పి చూపించాడు. కోలారు వైపు తెలుగు. పోటీ మధ్యలోనే తిరిగి వెళ్తున్నాడు.

మన దేశంలో వృత్తి గోల్ఫర్ల కోసం 2006లో పీజీటీఐ ఏర్పడింది. ఏడాది పొడవునా ఊరూరా పోటీలు. ఒక్కోటి సాధారణంగా నాలుగు రోజులు, రోజుకు 18 హోల్స్. రెండు రోజులయ్యాక వెనుకబడ్డవాళ్లు ఇంటిదారి పట్టాలి. దాన్నే 'కట్' అంటారు. కట్ దాటకపోతే బహుమతి డబ్బు లేదు. రైలు చార్జీ, బస, కేడీ కూలి మాత్రం జేబులోంచే. టూర్‌లో చోటు కోసం రాసే పరీక్షలాంటి పోటీకి వాళ్లు పెట్టుకున్న పేరు కూడా క్వాలిఫయింగ్ స్కూలే!

"మరి వచ్చే వారం?" అన్నాం. "ఇంకో ఊరు సార్. మొదటి రోజు పొద్దున అందరం సున్నా దగ్గరే" అన్నాడు. రైలెక్కే ముందు పాప చేతిలో బంతి పెట్టాడు.

అప్పటి నుంచి పేపర్లో గోల్ఫ్ వార్తలు వెతుక్కుంటున్నాం. ఢిల్లీలో కేడీగా మొదలైన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. బెంగళూరులో కేడీగా మొదలైన మునియప్ప 2009లో గెలిచాడు. ఆ కుర్రాడి పేరు అడగడం మరిచిపోయాం. అందుకే ఏ పేరు చూసినా అతనేనేమో అనిపిస్తుంది.

మొన్న సాయంత్రం బీచ్ రోడ్డులో గాంధీ విగ్రహం దగ్గర కూర్చుని ఇదంతా మా అమ్మాయికి గుర్తుచేశాం. "చూశావా, వాళ్లూ ఊళ్లు మారతారు, దిగులుపడరు" అన్నాం, పాఠం చెప్పినట్టు.

"వాళ్లు ఇష్టపడి వెళ్తారు. నన్నెవరు అడిగారు?" అంది.

మా దగ్గర జవాబు లేదు. కెరటాలు రాళ్లను కొడుతుంటే చాలాసేపు చూస్తూ కూర్చున్నాం. తిరిగొస్తూ ఒక మాట ఇచ్చాం: ఈసారి బదిలీ దరఖాస్తులో ఊళ్ల పేర్లు ముగ్గురం కూర్చునే రాద్దాం. కోరుకున్న ఊరే వస్తుందని చెప్పలేం. అడగకుండా మాత్రం రాయం.

నిన్న చూస్తే గోల్ఫ్ బంతి కిటికీలో ఉంది. పెట్టె ఇంకా మంచం కిందే ఉంది, సగం విప్పి.