బక్క గేదె, పది పిడుదులు

చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో మా గేదెకి పిడుదులు ఏరడం నా డ్యూటీ. బలిసిన గేదె మీద పది పిడుదులున్నా దానికి పట్టదు. బక్క గేదెనైతే ఆ పదే పీల్చి పిప్పి చేస్తాయి. ఇంజినీర్ల భాషలో దీన్నే పారసిటిక్ లాస్ అంటారని చాలా ఏళ్ళ తర్వాత, డాలస్ వచ్చి 1992 నాటి మాజ్డా మియాటా ఒకటి కొన్నాక తెలిసింది.

మియాటా అంటే వెయ్యి కిలోల లోపు బరువు, రెండే సీట్లు, 1.6 లీటర్ల ఇంజను. ఆ ఇంజను ముందు రెండు బెల్టులుంటాయి. ఒకటి ఆల్టర్నేటర్‌నీ వాటర్ పంపునీ తిప్పుతుంది. రెండోది పవర్ స్టీరింగ్ పంపునీ, ఏసీ కంప్రెసర్‌నీ. ఇవన్నీ ఇంజను బలం తిని బతికేవే.

ఎంత తింటాయంటారా? ఆల్టర్నేటర్ 14 వోల్టుల దగ్గర 40 ఆంపియర్లు ఇస్తోందనుకుందాం. అంటే 560 వాట్లు. తయారీలో సగం దాకా వేడిగా పోతుంది కాబట్టి ఇంజను ఇవ్వాల్సింది దాదాపు ఒక కిలోవాట్, అంటే ఒక గుర్రం పైచిలుకు. పెద్ద బండికైనా నా బుల్లి కారుకైనా హెడ్‌లైట్లు తినేది ఒకటే. చదును రోడ్డు మీద 60 మైళ్ళ వేగంతో పోవడానికి ఇలాంటి కారుకి పదిహేను గుర్రాల దగ్గర్లో చాలు. అందులో ఒక గుర్రం అంటే చిన్న విషయం కాదు కదా!

ఇక చూస్కోండి, పిడుదులు ఏరడం మొదలెట్టా. హైడ్రాలిక్ స్టీరింగ్ పంపు మీరు స్టీరింగ్ తిప్పినా తిప్పకపోయినా నూనె తోస్తూనే ఉంటుంది. అది పీకేసి గొట్టాలు రెండూ కలిపేశా. తర్వాత ఏసీ. లోపలి గ్యాసు గాల్లోకి వదలడం ఇక్కడ నేరం, అందుకని షాపులో తీయించి, కంప్రెసర్ ఇంట్లో విప్పా. ఒక బెల్టు పూర్తిగా మాయం! క్రాంక్ పుల్లీ కూడా చిన్నది వేద్దామనుకున్నా గానీ, అప్పుడు వాటర్ పంపు కూడా నెమ్మదిస్తుంది, ట్రాఫిక్‌లో ఇంజను ఉడికిపోతుంది. అక్కడ మాత్రం దేవుడు బుద్ధిచ్చాడు.

మూడో గేరులో 30 నుంచి 60 మైళ్ళకి స్టాప్‌వాచ్ పెట్టి చూశా. తేడా ఉందంటే ఉంది, లేదంటే లేదు. నా బొటనవేలు తడబాటు అంతకన్నా ఎక్కువే. మా ఆవిడ మాత్రం పార్కింగులో ఒక్కసారి స్టీరింగ్ తిప్పి, తాళాలు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

2023 జులైలో నాన్న వచ్చారు. తెనాలి డిపోలో ఆర్టీసీ మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. ఓ రోజు మా ఆవిడ క్యామ్రీ తీసుకుని ఆఫీసుకెళ్ళింది. నాన్నని కళ్ళజోడు షాపుకి నా కారులో బయల్దేరదీశా. "మన తెనాలి ఎండ ముందు ఇదెంత" అన్నారు కూడా. బయట 105 డిగ్రీలు, మన లెక్కలో 40 పైనే. ఫ్రీవే మీద ముందెక్కడో యాక్సిడెంటు, బళ్ళు కదలవు. పైన గుడ్డ టాపు, కింద కాలిన కాంక్రీటు. అరగంట దాకా ఆయనే కబుర్లు చెప్పారు. తర్వాత మాట ఆగిపోయింది. చెయ్యి పట్టుకుంటే చల్లగా, జిగటగా తగిలింది. బీపీ మాత్రలు వేసుకునే మనిషి. "నాన్నా" అంటే పలకలేదు. షోల్డర్ మీదుగా ఎలా నడిపానో, ఎమర్జెన్సీ గుమ్మం ముందు ఆ బరువు స్టీరింగ్ ఎలా తిప్పానో నాకు గుర్తు లేదు.

సెలైన్ ఎక్కించి రాత్రికి పంపించారు. ఇంకో గంట అయితే కష్టమయ్యేదన్నాడు డాక్టరు. నిద్ర పట్టలేదు నాకు.

రెండ్రోజుల తర్వాత నాన్న గరాజ్‌లోకొచ్చి, మూలనున్న కంప్రెసర్‌ని చేత్తో తిప్పి చూశారు.

"ఇదెందుకు పీకావురా?"

"ఇంజను బలం తినేస్తది నాన్నా."

"ఏసీ ఆపితే క్లచ్ వదిలేసుద్ది. పుల్లీ ఒక్కటే ఊరికే తిరుగుద్ది, లోపలిది తిరగదు. ఆపుకుంటే తినని దాన్ని పీకడమెందుకు?"

తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. కొలవకుండా ఏదీ తీసెయ్యొద్దని క్లయింట్లకి గంటకింతని డబ్బు తీసుకుని మరీ చెప్పేవాణ్ణి! ఏసీ వేసినప్పుడు నాలుగైదు గుర్రాలు తింటుంది, నిజమే. ఆపితే మిగిలేది దాని బరువు, పుల్లీ బేరింగు రాపిడీ మాత్రమే. మోయలేని బక్క కారుకి మందు పీకేయడం కాదు, అవసరమైనప్పుడే పని చేయించడం. 2009లో వచ్చిన మూడో తరం ప్రియస్‌లో వాటర్ పంపు, ఏసీ అన్నీ కరెంటు మీదే, ఇంజనుకి అసలు బెల్టే లేదు. మియాటాకి కూడా నాలుగో తరంలో కరెంటు స్టీరింగ్ పెట్టారు. తిప్పినప్పుడే తింటుంది.

ఆ వారాంతం నాన్న స్టూలు మీద కూర్చుని చెప్తుంటే నేను కారు కింద దూరా. కంప్రెసర్ మళ్ళీ బిగించి, కొత్త డ్రయ్యరు, సీళ్ళు వేసి, షాపులో 134ఏ గ్యాసు ఎక్కించాం. స్టీరింగ్ పంపు మాత్రం వద్దన్నారాయన. పాత లేలాండ్ బస్సులు భుజబలంతో తిప్పిన వాళ్ళని చూసిన మనిషి కదా! గొట్టాలు కలిపితే లోపల మిగిలిన నూనెని మన చేతులే తోయాలి, అందుకే అంత బరువు. ర్యాక్ విప్పి, పిస్టన్ సీలు తీసి, గ్రీజు పెట్టాక సగం తేలికయింది.

తిరుగు ప్రయాణం రోజు పెట్టెలు క్యామ్రీలో, నాన్న నా పక్కన. ఎయిర్‌పోర్టు దారిలో ఏసీ నొక్కగానే కారు కాస్త నీరసపడింది. నాకంటే ముందు ఆయనే గమనించారు.

"పట్టిందిరా క్లచ్చు" అని, సీటు వెనక్కి వాల్చుకుని కళ్ళు మూసుకున్నారు.