కళింగపట్నపు రేవున నరసున్న

వంశధార సముద్రములోఁ గలియుచోటు కళింగపట్నము. పూర్వ మిది యోడలరేవు. నేఁడు దీపస్తంభమును, జాలరుల పడవలును, విశాలమైన యిసుకతిన్నెలును మిగిలినవి. వేసవిసెలవులలో మేము పిల్లలతో శ్రీకాకుళముమీఁదుగా నచ్చటికిఁ బోయితిమి.

మాతో మా యాడుబిడ్డకూఁతురు వచ్చినది. ఆ పిల్ల రొట్టెలు, కేకులు చేయు విద్య నేర్చుటకు విశాఖపట్నమునకుఁ బోవలసియున్నది. కాని ముందువారమే యచ్చట నొక దుకాణములో "క్రోయిసెంట్" కావలెనని యడుగఁగా నమ్మువాఁడు నవ్వెనఁట. "అత్తయ్యా, నా కా చదువు వద్దు. పేరే పలుకలేనిదానను, వండుట యెట్లు?" అని యిసుకలోఁ గూర్చుండి కంటఁ దడి పెట్టినది.

మేము ఫ్రెంచి చదివినవారము కాము. ఇంటఁ గొంత వ్యాకరణము చదివినవారము. పిల్ల తన ఫోనులో ఫ్రెంచివారి యుచ్చారణమును వినిపించినది. పదిమారులు వింటిమి. కడపటి తకారమును వారు పలుకరు. దాని ముందున్న నకారమును ముక్కులోనే విడుతురు. "క్ర్వాసాఁ" అని వినఁబడును. ఇది మన యరసున్న గాక మఱేమి? మనము వ్రాఁత మానితిమి, పలుకు మఱచితిమి. వారు నేఁటికిని బలుకుచున్నారు. ఆ మాటకుఁ బెరుగుచున్న చంద్రుఁడని, అనఁగా నెలవంక యని యర్థము.

మఱియొక మేలు గలదు. వారి తకారము మన తకారమువలె దంతములయొద్దనే పుట్టును. కావున గాటో కాదు, "గాతో". బాగెట్ కాదు, "బగెత్". గాతో యనఁగాఁ గేకు. బగెత్ అనఁగాఁ గఱ్ఱ, అట్లు పొడవైన రొట్టె. "ఎక్లేర్" అనఁగా మెఱుపు. "మీల్‌ఫేయ్" అనఁగా వేయిరేకులు. ఆత్రేయపురపుఁ బూతరేకుల నెఱిఁగిన మన కీ పేరు వింత గాదు. అందలి ఫేకారమును మాత్రము పెదవులు గుండ్రముగాఁ జేసి పలుకవలెను. వారి రేఫము గొంతునఁ బుట్టును. అది పట్టుపడకున్నను లోపము లేదు.

ఫ్రెంచివారీ సీమకుఁ గొత్తవారు గారు. 1753లో నిజాము సలాబతుజంగు వారి కిచ్చిన సర్కారులలో శ్రీకాకుళ మొకటి. 1757లో బొబ్బిలిపైకి వచ్చిన సేనానిని మనము "బుస్సీ" యందుము. వారు "బ్యుసీ" యందురు. వారును, తరువాత నాంగ్లేయులును మన శ్రీకాకుళమును "చికాకోల్" చేసిరి. అందులకు సిగ్గుపడి యోడ నెక్కిపోయినవాఁ డొక్కఁడును లేఁడు!

కావున, సోదరీమణులారా, పలుకు తప్పినంతమాత్రమున విద్య మానరాదు. అట్లని తప్పును విడువకుండుటయుఁ దగదు. మన యూరిపేరును బరదేశి సరిగాఁ బలికిన మన మనసు చల్లబడును గదా! ఆ మర్యాదను మనమును ఇతరుల మాటకుఁ జేయవలెను. నవ్విన దుకాణదారుఁ డొక్కసారి సరిగాఁ బలికి చూపియుండిన, పిల్లకుఁ గన్నీరు తప్పెడిది.

సాయంకాలము దీపస్తంభమున వెలుఁగు పుట్టెను. పడమట విదియచంద్రుఁడు గనఁబడెను. పిల్ల వ్రేలు చూపి, "అత్తయ్యా, క్ర్వాసాఁ!" అని నవ్వినది. మఱునాఁడే పెట్టె సర్దుకొన్నది.