బంటుకు ముందు నడిచే రాజు

చదరంగం నాకు పుంగనూరులో మా నాన్నగారు నేర్పిన విద్య. రాజును మూలకు చేర్చి కాపాడుకోవడమే ఆటకు ప్రాణమనేవారు. ఆ మాటను నేను ఆట చివరిదాకా పాటించాను. అదే నా లోపమని కుప్పంలో తెలుగు పండితుడిగా పనిచేసే రోజుల్లో గాని తెలియలేదు.

అక్కడ లెక్కల మాష్టారితో సాయంకాలాలు ఆడేవాణ్ణి. బలగాలన్నీ పోయి నాకు రాజూ ఒక బంటూ, వారికి ఒంటరి రాజూ మిగిలేవి. గెలుపు నాదేనని బంటును ముందుకు తరిమేవాణ్ణి. వారి రాజు అడ్డంగా వచ్చి నిలిచేవాడు, ఆట సమమయ్యేది.

ఒకనాడు వారు కాపబ్లాంకా 1921లో వెలువరించిన 'చెస్ ఫండమెంటల్స్' తెచ్చారు. "పండితులవారూ, మంత్రులూ ఏనుగులూ పోయాక రాజుకు భయమెవరివల్ల? ఇక రాజే ముందు నడవాలి, బంటు వెనుక రావాలి" అన్నారు.

రాజులిద్దరూ నడుమ ఒక్క గడి ఎడంతో ఎదురెదురుగా నిలిస్తే, ఎత్తు వేయవలసినవాడే దారి విడవాలి. నా రాజు ఇ4లో, బంటు ఇ3లో, వారి రాజు ఇ6లో ఉండి ఎత్తు నాదైతే ఆట సమం. అదే బంటు ఇ2లోనే ఉంటే, దాన్ని ఒక్క గడి జరుపుతాను. ఎత్తు వారిమీద పడుతుంది, గెలుపు నాదవుతుంది. తొందరపెట్టని బంటు ఒక ఎత్తును దాచి ఉంచుతుందన్నమాట.

ఆట నేర్చుకున్నాను గాని, బుద్ధి తెచ్చుకోలేదు. ఆ రోజుల్లోనే నా తరగతిలో ఒక పిల్లవాడికి పద్యం నోటికి వచ్చేది కాదు. "రేపటికి రావాలి" అంటూ రోజూ నిలబెట్టేవాణ్ణి. ఒక్కనాడైనా పక్కన కూర్చోబెట్టుకొని పదం విడదీసి చెప్పలేదు. సంక్రాంతి సెలవుల తరువాత వాడు బడికి రాలేదు. నేను వాళ్ళ ఇంటికి వెళ్ళి అడగనూ లేదు.

ఇప్పుడు మదనపల్లెలో మా మనుమరాలు నాకు ఎదురుగా కూర్చుంటోంది. 2002లో పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టరైన మన కోనేరు హంపి అంటే దానికి ప్రాణం. మొన్న సరిగ్గా నాలాగే బంటును తరిమింది. గద్దించబోయి ఆగాను. అటుపక్కకు వెళ్ళి కూర్చొని, దాని రాజును చేతికిచ్చి, "ముందు వీణ్ణి నడిపించమ్మా, నేనూ చూస్తాను" అన్నాను.

బల్ల ఉన్నవారు ఆ రెండు స్థితులనూ ఒకసారి పేర్చి చూడండి. ఆ పిల్లవాడికి ఇప్పటికి నలభై దాటి ఉంటాయి.